ఫాల్ సీలింగ్ పగులు: సాయంత్రానికల్లా బిల్లు చేతికొచ్చే పద్ధతి

కూకట్‌పల్లి ఫ్లాటులో జిప్సం సీలింగ్ జాయింటు వెంట గీత పడిందని ఫోన్ వచ్చిందా తమ్ముడూ? డబ్బు చేతిలో పడేదాకా ఆ గీత కనిపించకపోతే చాలు, పని గెలిచినట్టే.

1. గీత ఎందుకు పడిందో వెతక్కు. పైఫ్లాటు బాత్రూమ్ నీళ్లు దిగుతున్నాయా, బోర్డు ఊగుతోందా అని నొక్కి చూశావో, పని పెరుగుతుంది. స్క్రూలు 9 అంగుళాలకొకటి ఉండాలంటారు. అడుగున్నరకొకటి ఉన్నా సీలింగ్ ఈ పూటకి పడదు.

2. పగులును గీకి వెడల్పు చెయ్యకు, దులపకు. దుమ్ము మీదే లప్పం రాయి.

3. పేపర్ టేపు కొనకు. రెండు బోర్డుల్నీ పట్టి ఉంచేది అదే. అది సరిగ్గా పడితే ఈ జాయింటుకి నిన్ను మళ్లీ ఎవరూ పిలవరు. నీ పొట్ట నువ్వే కొట్టుకోకు. ఓనరు పట్టుబడితే కింద తడి కాంపౌండ్ లేకుండా పొడి బోర్డు మీదే అంటించు. బుడగలు లేస్తే "చెమ్మ సార్" అను.

4. జాయింటింగ్ కాంపౌండ్ ఎందుకు? గోడలకు రాయగా మిగిలిన పుట్టీ ఉందిగా. మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరబెట్టాలని కంపెనీవాళ్లు రాస్తారు. రేపు గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లకి ఆ మాట చెప్పగలవా? మూడూ కలిపి ఒక్కటే మందంగా పట్టించి ఫ్యాను వెయ్యి. మందపు పూత ఆరుతూ కుంచించుకుని చీలుతుంది. చీలే లోపు నువ్వు ఇంకో సైటులో ఉంటావు.

5. పూతను జాయింటుకి అటూ ఇటూ పలచగా అడుగు వెడల్పు లాగితే చేతులు నొప్పి. నాలుగు వేళ్ల పట్టీ చాలు. ఎమరీ కూడా పట్టకు, సోఫాలు పాడవుతాయని చెప్పు. పని అప్పగించేటప్పుడు కోవ్ లైట్లు మాత్రం వెయ్యనివ్వకు. పక్కనుంచి పడే వెలుగు ఉబ్బునంతా చూపెడుతుంది. "వైరింగ్ ఇంకా టెస్ట్ కాలేదు" అంటే ఎవరూ స్విచ్ ముట్టరు.

6. ప్రైమర్ ఖర్చు మిగుల్చుకో.

7. గీత మళ్లీ వచ్చిందని ఫోన్ చేస్తారు. వేసవైతే ఎండలు, వానాకాలమైతే తేమ, ఏ కాలమైనా ఏసీ. కొత్త బిల్డింగైతే "ఇంకా సెట్ అవుతోంది సార్", పాతదైతే "వయసైపోయింది సార్". మూడో ఫోన్‌కి బామ్మర్ది పెళ్లికి ఊరెళ్లానని చెప్పు. ఏ ఓనరుకి ఏ పెళ్లి చెప్పావో డైరీలో రాసుకో, ఈ ఒక్కచోటే జాగ్రత్త కావాలి.

8. నాలుగో ఫోన్‌కి వెళ్లు. మెటీరియల్ రేట్లు పెరిగాయని చెప్పి కొత్త బిల్లు ముందే తీసుకో. పాత పూత మీదే ఇంకో పూత వెయ్యి.