మెట్ల కింది శాస్త్రకారుడు

హైదరాబాదు తూర్పు కొసన, మియాపూర్ నుంచి వచ్చే మెట్రో రైలు ఆగిపోయే ఎల్‌బీ నగర్ మొదలుకొని వెనక్కి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్‌ల దాకా, పక్కలకు నాగోలు, వనస్థలిపురం, కర్మన్‌ఘాట్‌ల దాకా పరచుకున్న కాలనీలలో ఇల్లు చేతులు మారాలంటే కొనేవాడు, అమ్మేవాడు, మధ్యవర్తి అనే ముగ్గురు చాలరు. నాలుగోవాడొకడు ఉండి తీరాలి. ఇతడు డబ్బు పెట్టడు, దస్తావేజు మీద సంతకం చెయ్యడు, కమీషన్ పుచ్చుకోడు; ఇల్లు చూడవచ్చే కుటుంబం కారులో ముందు సీటులో కూర్చుని వస్తాడు. వరసకు పెదనాన్నో, మేనమామో, వియ్యంకుడో అయినప్పటికీ ఆ పూటకు అందరూ ఇతణ్ణి 'పెద్దాయన' అనే వ్యవహరిస్తారు. సర్కారు కొలువు చేసి విరమించినవాడై, జీవితంలో ఒకే ఒక్క ఇల్లు కట్టి, ఆ ఒక్క ఇంటి అనుభవంతో తక్కిన ఇళ్లన్నింటి మీదా తీర్పు చెప్పే అధికారం గడించిన ఈ పెద్దాయన, హాలు ఎంత విశాలంగా ఉన్నా చూడడు, పూజగది తలుపు మీది నగిషీ చూడడు; గేటు తీసీ తియ్యగానే చెప్పులు విప్పకుండా నేరుగా కింది మరుగుదొడ్డి వైపు నడుస్తాడు.

కింది మరుగుదొడ్డి అంటే ఏమిటో, అది అక్కడికి ఎట్లా వచ్చిందో తెలియాలంటే ఈ ప్రాంతపు ఇళ్లు పెరిగిన తీరు కొంత తెలియాలి. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి కలిసే కూడలి కావడం చేత నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపుల నుంచీ కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచీ వచ్చిన మాస్టర్లు, గుమాస్తాలు, బస్సు కండక్టర్లు ఇక్కడ నూట యాభై, రెండు వందల గజాల జాగాలు కొనుక్కున్నారు. గజమంటే ఇక్కడ చదరపు గజం, అనగా తొమ్మిది చదరపు అడుగులు. మొదట నేలమట్టం ఇల్లొక్కటి కట్టి, పిల్లలు ఎదిగిన కొద్దీ, ప్రావిడెంట్ ఫండ్ చేతికి వచ్చిన కొద్దీ పైన ఒకటి, ఆ పైన ఇంకొకటి లేపారు. దీనినే వ్యవహారంలో 'జీ ప్లస్ టూ' అంటారు. పై వాటాలలో అద్దెకుండేవాళ్లు తమ నడవలోంచి నడవకుండా మెట్లు ఇంటి బయట పెట్టించారు. మెట్లు బయట పెడితే వాటి కింద ముక్కోణపు ఖాళీ మిగులుతుంది. గజం జాగా కూడా వదలని మేస్త్రీకి ఆ ఖాళీ కంట్లో నలుసయింది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు గోడ కట్టి, ఒక ఇనుప తలుపు బిగించి, అందులో కమోడో, గొంతుక్కూర్చునే ఇండియన్ దొడ్డో అమర్చితే అది మరుగుదొడ్డి అయింది. స్టిల్టు మీద, అంటే కింద బండ్లు నిలిపేందుకు వదిలిన స్తంభాల అంతస్తు మీద కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇదే స్థానాన్ని వాచ్‌మన్ దొడ్డి ఆక్రమించింది. ఇంటి లోపలే మెట్లుండే డూప్లెక్సులలో సోఫా వెనకకు చేరి 'పౌడర్ రూం' అనే పేరు పెట్టుకున్నది కూడా దీని దాయాదే. పౌడరు మాత్రం అక్కడ ఎవరూ వేసుకోరు.

ఈ కట్టడానికి కాగితం మీద అస్తిత్వం బహుస్వల్పం. గోడకూ ప్రహరీకీ నడుమ గాలికీ వెలుతురుకీ విడిచిపెట్టవలసిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు. మెట్లూ, వాటి కింది గదీ తరచు ఆ సెట్‌బ్యాక్‌లోనే నిలబడి ఉంటాయి గనుక మంజూరైన ప్లానులో కనిపించవు. ఎల్‌బీ నగర్ మునిసిపాలిటీ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఆ ఏటి చివరనే ఒకసారి, మళ్లీ 2015లో ఇంకోసారి, ప్లాను దాటిన కట్టడాలకు రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు ప్రభుత్వం ప్రకటించింది. మెట్ల కింది దొడ్డి రెండుసార్లూ ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. అమ్మకం దస్తావేజులో నాలుగు హద్దులూ, వైశాల్యమూ, కరెంటు మీటరు సంఖ్యా ఉంటాయి గాని దీని ప్రస్తావన ఉండదు. ప్రస్తావన లేని ఈ పద్దెనిమిది చదరపు అడుగుల పేరు మీదే లక్షల బేరం నడవడం విచిత్రంగా తోచవచ్చు. పెద్దాయన వృత్తికి మాత్రం ఆధారం అదే.

అతడి పరీక్షా విధానం స్థిరమైనది. ఇనుప తలుపు రెక్కను కింద ఒక్కసారి చెప్పు కొసతో తాటించి, తుప్పు రాలుతుందో లేదో చూస్తాడు. రాలితే తల పంకిస్తాడు. రాలకపోతే కొత్తగా రంగు వేయించారని తల పంకిస్తాడు. తరువాత లోపలికి వంగి పలకల మీద వేలి కణుపుతో కొడతాడు. డొల్ల చప్పుడు వస్తే సిమెంటు పట్టలేదని అర్థం. పంపు తిప్పి, ధార సన్నబడే దాకా మౌనంగా నిలబడి, "బోరు నీళ్లా, మంజీరా నీళ్లా?" అని అడుగుతాడు. ఆ పంపులో వచ్చేది కృష్ణా నీళ్లయినా పెద్దాయన దృష్టిలో నల్లా నీళ్లన్నీ మంజీరాయే. చివరి అంకం ఫ్లష్ లాగడం: నీళ్లు సుడి తిరిగి పోయి, గొంతులో ఒక గుటక చప్పుడు చేసి, ట్యాంకు మళ్లీ నిండడం మొదలయ్యేదాకా అతడు గడియారం చూసుకుంటూనే ఉంటాడు. అంతా అయ్యాక లేచి నిలబడతాడు. మెట్ల కింది గదిలో కప్పు ఏటవాలు. మేస్త్రీ కమోడును ఎప్పుడూ పల్లపు కొసనే పెడతాడు, ఎందుకంటే కూర్చున్నవాడికి ఎత్తు అక్కరలేదని అతడి లెక్క. కూర్చున్నవాడు ఎప్పటికైనా లేస్తాడన్న సంగతి ఆ లెక్కలో లేదు. పెద్దాయన నుదురు పై మెట్టు అడుగుభాగాన్ని తాకుతుంది. ఆ ధ్వని విన్న మధ్యవర్తి ముఖం తిప్పుకుంటాడు.

ఇక శాస్త్రం. తెలుగునాట వ్యాప్తిలో ఉన్న వాస్తు ప్రకారం ఇంటి ఈశాన్య మూల నీటికీ దేవుడికీ చెందినది, అక్కడ మరుగుదొడ్డి మహాదోషం. నైరుతి బరువుకు చెందినది, అక్కడా కూడదు. వాయువ్యం, ఆగ్నేయం కొంతవరకు ఒప్పుకుంటాయి. కూర్చున్నవాడి ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. మయమతం, మానసారం వంటి ప్రాచీన గ్రంథాలకు ఫ్లష్ ట్యాంకు సంగతి తెలిసే వీలు లేదు గనుక, మిగిలిన ధర్మసూక్ష్మాలు పెద్దాయనే పూరిస్తాడు. అతడు కొనేవాళ్ల పక్షాన వచ్చిన రోజున తూర్పు ముఖపు ఇంటి మెట్ల కింది దొడ్డి 'తూర్పు ఆగ్నేయం' అవుతుంది, ఆడపిల్లలకు అరిష్టమవుతుంది, లక్ష్మి నెత్తిన మెట్లు పెట్టి తొక్కినట్టవుతుంది. మరుసటి నెల తన తమ్ముడి ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు అచ్చంగా అటువంటి దొడ్డే 'దక్షిణ ఆగ్నేయం' వైపు నాలుగంగుళాలు జరుగుతుంది, బయటి కట్టడం కాబట్టి ఇంటి లెక్కలోకే రాదు, పైగా "ఇసొంటి సౌకర్యం ఈ లైన్ల ఇంకో ఇంటికి లేదు" అనిపించుకుంటుంది. దిక్సూచి కూడా ఇతడికి సహకరిస్తుంది: ఇనుప గేటుకూ నీటి మోటారుకూ దగ్గరగా పెడితే సూది ఎటు కావాలంటే అటు ఒరుగుతుంది, ఎక్కడ నిలబడి చూడాలో అతడికి తెలుసు. దీనిని మోసమనడం తొందరపాటు. అతడు రెండు రోజులూ మనస్ఫూర్తిగానే నమ్ముతాడు.

అయితే వాస్తు అనే ఈ భాష వెనక ఉన్న అసలు విషయాలు వేరు, అవి పైకి చెప్పుకోలేనివి. మొదటిది మోకాళ్లు. ఊళ్లో వ్యవసాయం చాలించి కొడుకు దగ్గరికి వచ్చిన తల్లి ఇరవై మెట్లు ఎక్కలేదు. ఫ్లోరైడు నీళ్లకు పేరుమోసిన నల్లగొండ జిల్లా పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ల కీళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. కొనడానికి వచ్చిన కోడలు ఈ మాట ఎత్తితే అత్తగారిని కింద అట్టిపెట్టే ఆలోచన బయటపడుతుంది. అత్తగారు ఎత్తితే చాతకానిదాన్నని ఒప్పుకున్నట్టవుతుంది. కొడుకు ఎటూ మాట్లాడడు. ముగ్గురి తరఫునా పెద్దాయనే ఆగ్నేయం గురించి మాట్లాడతాడు. ఇంగ్లండులో ఈ చిక్కు లేదు: కొత్తగా కట్టే ప్రతి ఇంట్లోనూ ప్రవేశద్వారం ఉన్న అంతస్తులోనే ఒక మరుగుదొడ్డి ఉండాలని 1999లో భవన నిబంధనలలో చేర్చి, చక్రాల కుర్చీలో వచ్చే చుట్టాన్ని దృష్టిలో పెట్టుకున్నారు. ఎల్‌బీ నగర్ చుట్టానికి ఆ భరోసా పెద్దాయన ఇవ్వవలసిందే.

రెండో విషయం మైల. చావు జరిగిన ఇంటికి వెళ్లివచ్చినవాడు ఒంటిమీద నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదు. బయట పంపూ, చాటూ లేని ఇంట్లో ఆ మనిషి వీధి గేటు దగ్గర బకెట్టు కోసం అరుస్తూ నిలబడవలసి వస్తుంది. మూడోది పనిమనిషి. పొద్దున ఆరు గంటలకు వచ్చి నాలుగిళ్ల అంట్లు తోమే మనిషికి లోపలి బాత్రూం ఇవ్వడానికి మనసొప్పని ఇల్లాళ్లు, ఆ మాట ఎన్నడూ అనకుండా, "కింద ఒకటుంటే అందరికీ బాగుంటదన్నా" అని మధ్యవర్తితో అంటారు. ఆ 'అందరి'లో ఎవరెవరు లేరో అందరికీ తెలుసు. మొత్తం కథలో నవ్వు రానిది ఇదొక్కటే.

నాలుగోది మాత్రం పెద్దాయన నిర్మొహమాటంగా అడుగుతాడు, అడిగినప్పుడు అతడిలోని హాస్యం పోయి ఇంజనీరు బయటపడతాడు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాం నగర్ మొదలైన కాలనీలు మునిగిపోయాయి. వీధిలోని మురుగు గొట్టాలు నిండిపోతే నీరు వెనక్కి తన్ని, అన్నిటికంటే పల్లంలో ఉన్న నోటిలోంచి పైకి వస్తుంది. ఇంట్లో అన్నిటికంటే పల్లపు నోరు కింది మరుగుదొడ్డిదే. పై అంతస్తు కమోడు పొడిగా ఉండగా కిందిది ఊరంతటి మురుగునూ హాలులోకి ఆహ్వానిస్తుంది. అందుకే పెద్దాయన "ఇరవైల వానకు కమోడ్ల కెళ్లి నీళ్లు ఎగదన్నినయా?" అని యజమానిని సూటిగా అడిగి, జవాబు వినకుండా గోడ పాదాన రంగు రెండు ఛాయలుగా విడిపోయిన గీత కోసం వెతుకుతాడు. వెనక్కి నీరు రాకుండా ఒకవైపే తెరుచుకునే కవాటం గొట్టానికి బిగించారో లేదో కనుక్కుంటాడు. వాస్తు గురించి గంటసేపు తల ఊపిన కొనుగోలుదారు, లక్షలు కాపాడగల ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఫోను చూసుకుంటూ ఉంటాడు.

అమ్మేవాళ్లకూ ఒక పెద్దాయన ఉంటాడన్నది మరచిపోరాదు. ఇద్దరు పెద్దాయనలూ ఎదురుపడినప్పుడు వాదం మెట్ల దగ్గరే జరగాలి, గదిలో ఒక్కరే పడతారు. ఒకరు లోపల నిలిచి దోషాలు వినిపిస్తుంటే, మరొకరు బయట నిలిచి పరిహారాలు వినిపిస్తారు. పావుగంటకల్లా ఇద్దరూ నకిరేకల్ తాలూకా వాళ్లని తేలుతుంది, లేదా ఒకే ఆఫీసులో వేర్వేరు కాలాలలో పనిచేశారని తేలుతుంది. ఆ తరువాత శాస్త్రం పక్కకు జరిగి, పింఛను బకాయిల సంగతి ముందుకు వస్తుంది.

అనుభవం ముదిరిన మధ్యవర్తి మాత్రం అంతదాకా చుట్టరికాల మీద ఆధారపడడు. అతడి దగ్గర ఇంతకంటె నమ్మకమైన ఉపాయం ఉంది: చాయ్. కుటుంబం గేటులోకి రాగానే కొత్తపేట రోడ్డు మీది హోటలు నుంచి కుర్రవాడి చేత ఫ్లాస్కు తెప్పించి, పెద్దాయనకు మొదటి కప్పు, మేడ చూసి దిగివచ్చాక రెండో కప్పు, ఈసీ చూపిస్తూ మూడో కప్పు అందిస్తాడు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద ఇప్పటిదాకా జరిగిన రిజిస్టరు లావాదేవీల పట్టిక; నెమ్మదిగా చదవవలసిన కాగితం. అరవై అయిదు దాటినవాడికి, అందులోనూ చక్కెర ఉన్నవాడికి, మూడు కప్పుల చాయ్ ఈసీలోని రెండో పేజీ దాకా ఆగదు. పై వాటాలలో అద్దెవాళ్లున్నారు, తలుపు కొట్టి అడగడం మర్యాద కాదు. లోపలి బాత్రూంలో యజమాని కోడలు స్నానానికి వెళ్లిందని మధ్యవర్తి ముందే విచారంగా తెలియజేసి ఉంటాడు. ఇక మిగిలింది లక్ష్మి నెత్తిన మెట్లున్న తూర్పు ఆగ్నేయమే.

పెద్దాయన వెళ్లివచ్చేదాకా బేరం ఆగుతుంది. ఒకసారి వాడుకున్నదాన్ని మళ్లీ దోషమనడం పెద్దరికానికి తగదు. ఆ సంగతి అతడికీ తెలుసు, మధ్యవర్తికీ తెలుసు. ఫ్లష్ చప్పుడు, దాని వెంబడే అదే మెట్టు కింద ఒక మొత్తు చప్పుడు వినిపిస్తాయి. మధ్యవర్తి బయానా కాగితం మడత విప్పి, కొనేవాడి చేతికి పెన్ను అందిస్తాడు. పెద్దాయన చేతిరుమాలుతో నుదురు అద్దుకుంటూ వచ్చి, "నీళ్ల ఫోర్సు మంచిగనే ఉన్నది" అని ఒప్పుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుని, కప్పు ఎత్తు తక్కువైనందుకు యాభై వేలు తగ్గించమంటాడు.