అద్దె కారు దగ్గర పెద్దమనిషి కావద్దు

ఈ సలహాలు మీ ఇంట్లోవాళ్లకు నచ్చవు. పిల్లలు ఆకలంటారు, వెనక వరుసలో నిలబడ్డవాళ్లు గొణుగుతారు, కౌంటర్లో కుర్రాడు మిమ్మల్ని తిక్కమనిషి కింద జమకడతాడు. అయినా చెబుతున్నాను. విదేశంలో అద్దెకారు తిరిగిచ్చాక డ్యామేజీ పేరుతో వచ్చే బిల్లుకు మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది మొహమాటం వల్ల. కొత్తచోట గొడవెందుకు, నలుగురిలో పరువెందుకు తీసుకోవడం, పోతే పోయాయి నాలుగు డబ్బులు అని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఆ పద్ధతి పెళ్లివారింట్లో పనికొస్తుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర పనికిరాదు.

దిగిన రోజు ఊరు చూడాలన్న తొందర పెట్టుకోకండి. మొదటి అరగంట కారుది. తాళం చేతికిచ్చి "అంతా బాగానే ఉంది సార్, సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. వానలో తడిసిన కారు, దుమ్ము పట్టిన కారు, నేలమాళిగలో మసక వెలుతురులో నిలబెట్టిన కారు ఇస్తే వద్దనండి. కడిగి ఇమ్మనండి, లేదా వెలుతురులోకి తెమ్మనండి. తడి మీదా దుమ్ము కిందా గీతలు కనపడవు. మీరు తిరిగిచ్చాక వాళ్లు చూసేది మాత్రం శుభ్రంగా కడిగిన కారును.

ముందు చూడాల్సింది నాలుగు చక్రాల రిమ్ములు. ఎక్కువ పేచీలు అక్కడే వస్తాయి, ఎందుకంటే ఫుట్‌పాత్ అంచుకు రాసుకున్న గీత ఎవరు చేసిందో ఎవరూ చెప్పలేరు. తర్వాత బంపర్ల మూలలు, వాటి కిందివైపు కూడా, మోకాళ్ల మీద కూర్చుని. ముందద్దం మీద రాయి తగిలిన చుక్క. టాప్. తలుపుల అంచులు. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో. ప్రతి సొట్టా ప్రతి గీతా వాళ్ల కాగితం మీద రాయించండి. "అది చిన్నదే, పట్టించుకోం" అంటారు. పట్టించుకోకపోతే రాయడానికి అభ్యంతరం ఏముంది? ఆ నోటిమాట ఆ షిఫ్టుతో పోతుంది, కాగితం ఉంటుంది. తర్వాత ఫోనులో ఆపకుండా ఒకటే వీడియో తీయండి: నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ తిరిగి, లోపల మీటరు, పెట్రోలు ముల్లు దగ్గర ముగించండి. దాన్ని ఆ గంటలోనే మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి, తేదీ పడుతుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి స్కాట్లాండ్‌లో కారు తిరిగిచ్చి హైదరాబాద్ చేరాక కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఎడమవైపు వెనక చక్రం రిమ్ము గీసుకుపోయిందని ఫొటో పెట్టారు. అన్నయ్య దగ్గర కారు తీసుకున్ననాటి వీడియో ఉంది. అందులో అదే రిమ్ము, అదే గీత. గాలి కొట్టే వాల్వు పక్కన మొదలై అంచు దాకా వంకరగా పోయిన తీరు కూడా అదే. వీడియోలో ఆ ముక్కను ఆపి, వాళ్ల ఫొటో పక్కన పెట్టి పంపాడు. బిల్లు రద్దు చేశామని ఒక్క లైను జవాబు వచ్చింది. క్షమాపణ లేదు, దాని కోసం పట్టుబట్టనూ అక్కర్లేదు.

ఇన్సూరెన్సు దగ్గర ఏం కవర్ అవుతుందని అడగకండి. ఏం కాదో అడగండి, ఒప్పందంలో ఆ పేరా వేలుపెట్టి చూపించమనండి. "ఫుల్ కవర్" అని నోటితో చెప్పే దాంట్లో టైర్లు, రిమ్ములు, అద్దాలు, టాప్, కారు అడుగుభాగం, పోయిన తాళాలు చాలాసార్లు ఉండవు. ఐస్‌లాండ్ వెళ్లేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడ కంకర దెబ్బలకు ఒక కవరు, ఇసుక, బూడిద గాలికి ఇంకో కవరు విడిగా అమ్ముతారు. దక్షిణ తీరంలో ఇసుకగాలి లేస్తే కారు రంగును గీరేస్తుంది. మామూలు గాలి కూడా తలుపును చేతిలోంచి లాక్కుని వెనక్కి విరుస్తుంది, ఆ నష్టం సాధారణంగా ఏ కవరులోనూ ఉండదు. అందుకని కారును గాలికి ఎదురుగా నిలపండి, ఒకసారి ఒక్క తలుపే రెండు చేతులతో పట్టుకుని తెరవండి. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండరోడ్ల మీదికి చిన్న కారుతో వెళ్లొద్దు.

మన ఇళ్లలో మాత్రమే జరిగేదొకటి ఉంది. కారు అల్లుడి పేర తీసుకుంటారు, మధ్యలో మామగారు సరదాపడి స్టీరింగ్ పట్టుకుంటారు. ఒప్పందంలో పేరు లేని మనిషి నడుపుతుండగా గీత పడినా కొన్న కవరంతా వృథా కావచ్చు. మామగారు నొచ్చుకుంటారని తాళం ఇచ్చేయకండి. ముందే ఆయన పేరు రాయించండి, లేదా వద్దని చెప్పండి.

తిరిగిచ్చేటప్పుడు తెల్లవారుజాము ఫ్లైటు కోసం తాళం పెట్టెలో పడేసి పోకండి. ఆఫీసు తెరిచి వాళ్లు కారు చూసేదాకా బాధ్యత మీదేనని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఆ మధ్యలో పార్కింగ్‌లో ఎవరు గుద్దినా మీ ఖాతాలో పడుతుంది. ఇంకో పూట అద్దె కట్టయినా పనివేళల్లో ఇవ్వండి, కొత్త డ్యామేజీ ఏమీ లేదని రాయించుకోండి. మనిషి దొరక్కపోతే మళ్లీ అదే వీడియో, ఈసారి ఆఫీసు బోర్డుతో సహా.

ఇంత చేసినా బిల్లు రావచ్చు. ఇప్పుడు మనిషికి బదులు యంత్రమే చూస్తోంది. 2025లో హెర్ట్జ్ కంపెనీ అట్లాంటా ఎయిర్‌పోర్టులో యూవీఐ అనే సంస్థ స్కానర్లు పెట్టింది. కారు వాటి మధ్య నుంచి పోతుంటే కెమెరాలు అన్నివైపులా ఫొటోలు తీస్తాయి. ఆ ఏడాది అమెరికా పత్రికల్లోకి ఎక్కిన ఒక బిల్లు చూడండి. చక్రం మీద అంగుళం గీత. రిపేరుకు 250 డాలర్లు, ప్రాసెసింగ్‌కు 125, అడ్మినిస్ట్రేటివ్ ఫీజు 65. మొత్తం 440. త్వరగా కడితే కొంత తగ్గిస్తామన్న ఆశ కూడా చూపారు. ఇందులో 190 డాలర్లు రిపేరుకు సంబంధించినవే కావు. తగ్గింపు అనగానే మనకు చేయి లాగుతుంది. లాగనివ్వకండి. కట్టేశాక వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

ఫోన్ చేయకండి. ఫోనులో మనం మర్యాదకి "సారీ అండీ, చూసుకోలేదేమో" అనేస్తాం, అది ఒప్పుకోలుగా రికార్డవుతుంది. ఉత్తరం రాయండి, అందులో సారీ అన్న మాట రానివ్వకండి. నాలుగు ముక్కలు చాలు: ఈ నష్టం నేను ఒప్పుకోవడం లేదు; కారు ఇచ్చిననాటి, తీసుకున్ననాటి కాగితాలు, తేదీ ఉన్న ఫొటోలు పంపండి; అంచనా కాదు, రిపేరు అసలు బిల్లు, చేసిన గ్యారేజీ పేరు పంపండి; నా పేచీ తేలేదాకా కార్డు మీద డబ్బు తీయవద్దు. ఈ చివరి మాట మీరు కొత్తగా కోరేదేమీ కాదు. ఏవిస్, ఎంటర్‌ప్రైజ్, యూరోప్‌కార్, హెర్ట్జ్, సిక్స్ట్ కంపెనీలు 2015లో యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన హామీల్లో, డబ్బు తీసేముందు నష్టాన్ని ప్రశ్నించే అవకాశం కస్టమరుకు ఇస్తామన్నది ఉంది. యూరప్‌లో వీళ్ల దగ్గర కారు తీసుకుంటే ఆ సంగతి ఉత్తరంలో రాయండి.

గీత నిజంగా మీరే పెట్టారా? అబద్ధమాడొద్దు. మీరు కాదంటే ఆ బిల్లు మీకు ముందు కారు నడిపిన ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. కానీ అప్పుడు కూడా అడిగినంతా కట్టొద్దు. గీతకు రంగు వేస్తే సరిపోయేచోట బంపరు మొత్తం మార్చినట్టు లెక్క కడతారు. కారు రిపేరులో ఉన్న రోజులకు అద్దె పోయిందంటారు. నిజంగా ఆ రోజుల్లో ఆ కారు గ్యారేజీలోనే ఉందా, రోడ్డు మీద తిరుగుతోందా అని రుజువు అడగండి. కారు తీసుకున్నచోటి చట్టం కూడా చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే, అమ్మానాన్నలను పిలిపించుకునే కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ ఆ పోయిన అద్దెను కస్టమరు నుంచి వసూలు చేయనివ్వదు. అడ్మినిస్ట్రేటివ్ ఫీజు కూడా రిపేరు ఖర్చును బట్టి ఉంటుంది, ఎంత పెద్ద రిపేరైనా 150 డాలర్లు దాటకూడదు. ఇది తెలియక సిలికాన్ వ్యాలీలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా కట్టేస్తుంటారు, నాకు అదే బాధ.

కార్డు బ్లాక్ చేసేయమని మీ స్నేహితుల్లో ఒకరైనా చెబుతారు. వినకండి. కార్డు పోతుంది, బాకీ పోదు. అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకైతే వసూలు ఏజెన్సీ వెంటపడుతుంది, క్రెడిట్ స్కోరు పాడవుతుంది. విదేశీ కంపెనీలు ఓటీపీ లేకుండానే మన కార్డు మీద డబ్బు తీయగలవు కాబట్టి ముందు మెసేజీ వస్తుంది, తర్వాత మనకు వణుకు వస్తుంది. ఆ కంగారులో బ్యాంకుకు ఫోన్ చేసి "ఫ్రాడ్" అనకండి. అలా అంటే కార్డు మార్చి పంపుతారు, మీరు సంతకం పెట్టిన ఒప్పందం కంపెనీ చూపించగానే ఆ ఫిర్యాదు వీగిపోతుంది. "నేను ఈ కంపెనీ దగ్గర కారు తీసుకున్నది నిజం, ఈ మొత్తానికి మాత్రం ఒప్పుకోలేదు, డిస్ప్యూట్ నమోదు చేయండి" అనండి. డ్యామేజీ డబ్బును అద్దెతో కలపకుండా విడిగా, నష్టం సంగతి చెప్పి కార్డుదారు ఒప్పుకున్నాకే తీయాలని మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఉంది. కస్టమర్ కేర్‌లో ఎత్తినవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. ఉత్తరంలో రాసి, కంపెనీతో జరిపిన ఉత్తరాలు జతచేసి, అందినట్టు నంబరు తీసుకోండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఆర్‌బీఐ ఒంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కారు తీసుకున్నది బ్రిటన్‌లో అయితే, ఆ కంపెనీ బీవీఆర్ఎల్ఏ అనే అద్దె వాహనాల సంఘంలో సభ్యురాలేమో చూడండి. సభ్యుల మీద కస్టమర్ల పేచీలను ఆ సంఘం ఉచితంగా పరిశీలిస్తుంది. ముందు కంపెనీకి రాసి, వాళ్ల చివరి మాట తెప్పించుకున్నాకే అక్కడికి వెళ్లాలి.

కార్డు మీద ఆపి ఉంచిన డిపాజిట్ వదిలారు కదా అని ఫోన్లో జాగా కోసం ఆ వీడియోలు తుడిచేయకండి. నెలలు గడిచాక కూడా బిల్లులు వస్తుంటాయి. ట్రిప్పు ఫొటోల్లో కాకుండా వేరే ఫోల్డరులో పెట్టి, ఒప్పందం కాగితం ఫొటో కూడా అందులోనే వేసి, కనీసం ఒక ఏడాది ఉంచండి.