మిరుగు చూశాను, పదును చూడలేదు

మృగశిర కార్తె (మేం మిరుగంటాం) వచ్చిన మర్నాడే సూరత్ నుంచి ఫోన్ చేసి, ఊళ్లో ఉన్న తమ్ముడి చేత పత్తి గింజలు పెట్టించాను. వాడు వద్దన్నాడు, నేను వినలేదు. మొలకలు వచ్చినట్టే వచ్చి ఎండకు మాడిపోయాయి. రెండోసారి విత్తనానికి తమ్ముడు మిత్తికి డబ్బు తెచ్చాడు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా, మరదలు చెప్తే తెలిసింది.

నా ఈ తెలివితక్కువ పని గురించి ఇంతకాలం ఎవరి ముందూ నోరు విప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఊరు విడిచి వచ్చిన నాబోటివాళ్లు ఈమధ్య కార్తెలనూ వాటి సామెతలనూ ఫోన్లలో ఇష్టంగా పంచుకుంటున్నారు. మిరుగు నాడు ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటున్నారు. ఆ ప్రేమ నాకూ ఉంది. ఆ ప్రేమతోనే తమ్ముడి చేను ఎండబెట్టాను కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది.

మేం సూరత్‌లో లింబాయత్ వైపు ఉంటాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి పని వెతుక్కుంటూ భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వచ్చిన నేత కుటుంబాల్లో మాదీ ఒకటి. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఇక్కడ తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మా బాపుకు ఊళ్లో మగ్గంతో పాటు కొద్దిగా చెల్క భూమి ఉండేది. చెరువు నీళ్లు అందని భూమి, వాన మీదే బతకాలి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన దగ్గర సామెత. ఉత్తర కార్తె సెప్టెంబరు నడుమ వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే ఆ ఏటి పంట మీద ఆశ వదులుకొని, గంప నెత్తికెత్తుకొని బతకపొమ్మని దాని అర్థం. బాపు అలా గంప ఎత్తి వచ్చినవాడే. తర్వాత తమ్ముడు ఊరికి తిరిగి వెళ్లి సేద్యం పట్టాడు, నేను సాంచెల దగ్గరే ఉండిపోయాను.

సూరత్‌కు వచ్చినా బాపు కార్తెలు మరవలేదు. సూర్యుడు 27 నక్షత్రాలనూ ఏడాదిలో చుట్టి వస్తాడు. ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. ఏప్రిల్ 13, 14 తేదీల్లో అశ్వినితో మొదలై, మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర, మరో రెండు వారాలకు ఆరుద్ర వస్తాయి. పండుగలు చంద్రుడి లెక్కన నడుస్తాయి కాబట్టి వినాయక చవితి ఒక ఏడు ఆగస్టులో వస్తే, ఇంకో ఏడు సెప్టెంబరు నడుమకు పోతుంది. విత్తనం వేసేవాడికి ఆ లెక్కతో పని సాగదు. కార్తె సూర్యుడిది, ఏటా అదే రోజుల్లో వస్తుంది. అందుకే అమ్మ పండుగలు పంచాంగంలో చూసుకునేది, బాపు కార్తెలు చూసుకునేవాడు.

సాంచెల షిఫ్టు దిగివచ్చి, చాయ్ తాగుతూ ఆ సామెతలే చెప్పేవాడు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని, భరణి కురిస్తే ధరణి పండుతుందని, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని, మఖా పుబ్బా వరుపైతే మహా కాటకమని. నేను అప్పుడే బడి చదువు ముగించిన పిల్లాణ్ని. ఉపగ్రహాలు వానను చూసి చెప్పే కాలంలో ఈ ముసలి ఎద్దుల మాటలేంటని బాపు ముఖాన్నే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. విని ఊరుకున్నాడు. అడిగితే ఎంతో చెప్పేవాడు. అడగకపోవడం నా మొదటి తెలివితక్కువతనం.

బాపు పోయాక నాలో పశ్చాత్తాపం మొదలైంది. ఆయన నోటి సామెతలన్నీ గుర్తు చేసుకొని ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. గోడకు తెలుగు క్యాలెండర్ పెట్టి కార్తెల దగ్గర ఎర్ర సిరాతో గుర్తులు పెట్టాను. మిరుగు నాడు ఇంట్లో చేపల పులుసు, ఇంగువ బెల్లం తప్పనిసరి చేశాను. ఓల్పాడ్ వైపు వరి పండించే ఒక గుజరాతీ పెద్దమనిషితో ఆ రోజుల్లోనే పరిచయమైంది. ఆయన కూడా రోహిణి, మృగశీర్ష, ఆర్ద్ర అని లెక్క పెడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. వాళ్ల పంచాంగంలో ప్రతి వాన నక్షత్రానికీ ఆ ఏటి వాహనం ఒకటి ఉంటుంది. ఏనుగో, కప్పో, నక్కో, ఆ వాహనాన్ని బట్టి వాన ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. భడలీ పేరు మీద వందల ఏళ్లుగా నడుస్తున్న వాన సామెతలు ఆయనకు కంఠతా వచ్చు. హోలీ మంట పొగ ఎటు పోయింది, అక్షయ తృతీయ తెల్లవారుజామున గాలి ఎటు వీచింది అని చూసి వానాకాలాన్ని అంచనా వేస్తారట.

ఆ మాటలు విన్నాక నాకు గర్వం తలకెక్కింది. ఇంత దూరంలో, వేరే భాషలో కూడా అవే నక్షత్రాలంటే, ఈ జ్ఞానం ఎక్కడైనా ఒకటేనని తీర్మానించుకున్నాను. పుస్తకంలో సామెతలన్నీ ఉన్నాయి కాబట్టి బాపు తెలివి మొత్తం నా దగ్గర ఉందని నమ్మాను. నా రెండో తెలివితక్కువతనం ఇది, మొదటిదానికంటే పెద్దది. మొదటిది బాపు మనసును మాత్రమే నొప్పించింది. రెండోది తమ్ముడి కడుపు మీద కొట్టింది.

ఆ ఏడు మృగశిర ప్రవేశించిన రాత్రి మా ఊళ్లో ఒక వాన పడింది. పొద్దున్నే అమ్మ ఫోన్‌లో సంతోషంగా చెప్పింది. నేను వెంటనే తమ్ముడితో మాట్లాడాను.

"మిరుగు నాడే వాన పడ్డది, ఇంకేం చూస్తున్నవు? గింజలు పెట్టించు" అన్నాను.

"పైపైన తడిసిందన్నా. లోపల పొడే ఉన్నది. ఇంకో వాన సూద్దాం" అన్నాడు.

"బాపు చెప్పింది మర్చిపోయినవా? మిరుగు దాటితే పంట వెనకబడ్తది."

వాడు కాసేపు మాట్లాడలేదు. విత్తనాలకు డబ్బు నేను పంపినదే. పెద్దవాణ్ని. పైగా బాపు పేరు ఎత్తాను. ఇక వాడికి ఎదురు చెప్పే దారి లేకుండా చేశాను. ఆ రోజే అచ్చు తోలించి, కూలీలను పిలిచి గింజలు పెట్టించాడు. తర్వాత ఆకాశం మొహం చాటేసింది. ఎండలు మళ్లీ రోహిణిలో లాగే కాశాయి. చెల్క నేల తడిని నిలుపుకోదు. ఆ కాస్త తడికి మొలకెత్తిన గింజ వేరు కిందికి పోయేసరికి అక్కడ పొడి మట్టే ఉంది.

తర్వాత మంచి వానలు పడి, రెండో విత్తు పడ్డాక నేను ఊరికి వెళ్లాను. తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు. చేనుకు తీసుకుపోయి, ఒక సాలు పక్కన కూచొని, కొడవలి మొనతో బెత్తెడు లోతు తవ్వాడు. అక్కడి మట్టిని పిడికిట్లోకి తీసుకొని నొక్కి, చెయ్యి విప్పాడు. మట్టి ఉండలా నిలిచింది. బొటనవేలితో మెల్లగా ఒత్తితే రెండుగా విచ్చింది. చేతికి నీరు అంటలేదు. "గిదన్నా పదునంటే. ఉండ కాకపోతే తడి చాలలేదు, చేతికి జిగురు జిగురు అంటితే తడి ఎక్కువైంది. బాపు గిట్ల చేనులో నాలుగు దిక్కుల సూసేటోడు. అప్పుడే గింజ బయటికి తీసేది" అన్నాడు. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. చిన్నప్పుడు బాపు వెంట చేనుకు పోయినవాడు తమ్ముడు. నేను వినడమే తప్ప ఏనాడూ వెంట పోలేదు.

పత్తికి తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని వ్యవసాయాధికారులు ఏటా చెబుతారు. బాపు పిడికిలి, వాళ్ల వానమాపకం చెప్పేది ఒకటే. రుతుపవనాలకు ముందు పడే వానలూ, తొలకరి వెంటనే వచ్చే ఎడతెరిపీ రైతును మోసం చేస్తాయని ఇద్దరికీ తెలుసు. నేను రాసుకున్న వాన సామెతలను మళ్లీ చదివితే ప్రతిదాంట్లోనూ ఒక షరతు కనిపించింది. భరణి "కురిస్తే". మఖా పుబ్బా "వరుపైతే". మృగశిర "కురిస్తే". వాటిలో ఒక్కటి కూడా ఫలానా తేదీన గింజ వేయమని చెప్పలేదు. ఏ రోజుల్లో నేలనూ ఆకాశాన్నీ జాగ్రత్తగా చూడాలో మాత్రం చెప్పాయి. చూడాల్సిన పని మనిషికే వదిలాయి.

పైగా సామెత ఏ నేలలో పుట్టిందో ఆ నేలదే. తెలంగాణకు నైరుతి సాధారణంగా జూన్ రెండో వారంలో వస్తుంది. అందుకే మనకు మృగశిర తొలకరి. సూరత్‌కు అది ఇంకో వారం దాకా ఆలస్యంగా చేరుతుంది, ఇక్కడ మృగశిరలో చాలాసార్లు ఉక్కపోతే. ఆశ్లేష కార్తె సంగతి చూడండి. ఊళ్లో ఆ రోజుల్లో నాట్లకు నీళ్లు చాలాలని దేవుణ్ని మొక్కుతాం. 2006 ఆగస్టు రెండో వారంలో, అదే ఆశ్లేషలో, తాపీ వరద సూరత్‌ను ముంచింది. ఎగువన మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో కుండపోతగా కురిసింది. ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఉకై ఆనకట్ట నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. ఆ వరద ఈ నగరం ఆకాశంలోంచి రాలేదు. ఏ కార్తె సామెతా దాన్ని చెప్పగలిగేది కాదు, చెప్పలేదని సామెతను తప్పుపట్టడానికీ లేదు.

కార్తె కూడా రుతువుతో శాశ్వతంగా ముడిపడి లేదు. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్క సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతుంది. వరాహమిహిరుడు బృహత్సంహిత రాసిన ఆరో శతాబ్దం నుంచి ఇప్పటికి ఆ తేడా దాదాపు మూడు వారాలైంది. అప్పటి మృగశిర ఇప్పటి మే నడుమ ఎండల్లో వచ్చేది. అంటే మిరుగును తొలకరితో కలిపిన మాట ఆ తర్వాతి రైతులు తమ కళ్లతో చూసి, తమ కాలానికి సరిచేసుకున్న మాటే అయ్యుండాలి. వాళ్లు సామెతను నమ్మారు, పరీక్షించారు కూడా. సౌరాష్ట్రలో జూనాగఢ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రైతులతో కలిసి భడలీ మాటలను నిజంగా పడిన వానతో పోల్చి చూశారు. ఆ పని తెలుగు ఊళ్లలో, కార్తె కార్తెకూ, నేల నేలకూ జరగాలి.

తమ్ముడికి క్షమాపణ చెప్పాను, మిత్తితో సహా ఆ డబ్బు కట్టాను. ఎప్పుడు విత్తాలో ఇక నేను చెప్పను. డబ్బు పంపినవాడిదో, పెద్ద కొడుకుదో కాదు ఆ నిర్ణయం. చేనులో నిలబడ్డవాడిది.

ఊళ్లో ఇంకా సేద్యం చేసిన పెద్దలున్నవాళ్లకు ఒక విన్నపం. వాళ్ల సామెతలు తప్పకుండా రాసుకోండి. కానీ పక్కనే ఊరి పేరు రాయండి. ఏ నేల, ఏ పంట, ఎంత తడి ఉంటే ఆ మాట చెల్లుతుందో అడిగి రాయండి. వీలైతే వాళ్ల వెంట ఒక్కసారి చేనుకు పోయి, వాళ్లు మట్టిని ఎలా చూస్తారో చూడండి. అవేవీ లేకుండా ఒట్టి సామెతలే పిల్లలకు అందితే, నేను చేసిన నష్టమే వాళ్లూ చేస్తారు.