అన్నీ ఒక్కడే వాయిస్తే

మా రోజుల్లో పాట ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మద్రాసు కోడంబాకం సినిమా స్టూడియోలో పొద్దున తొమ్మిదింటికి కాల్‌షీటంటే, ఎనిమిదిన్నరకే వయొలిన్లు శృతి చేసుకుని కూర్చునేవాళ్ళం. వెనక సెల్లోలు, ఓ మూల తబలా, డోలక్, ఇంకో మూల ఫ్లూటు. రెండు మూడు మానిటర్లు, అంటే రిహార్సళ్ళు, చూసుకున్నాక ‘టేక్’ అనేవారు. ఆ తర్వాత ఎవరు దగ్గినా అంతా మళ్ళీ పల్లవి నుంచే. విడివిడిగా ట్రాకులు తీసుకునే వీలు మాకింకా రాలేదు. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకేసారి ఒకే టేపు మీదికి ఎక్కాలి. రెండో చరణం చివరి బిట్‌లో నా పక్కవాడి కమాను జారిందంటే, అప్పటిదాకా అద్భుతంగా పాడిన మహానుభావుడు కూడా మళ్ళీ మొదలెట్టాల్సిందే. ఆ భయమే మాకు పాఠం చెప్పింది. పక్కవాడి ఊపిరి వింటూ వాయించడం అక్కడే పట్టుబడింది.

ఇప్పుడు ఎవర్ని చూసినా ‘సోలో ఆల్బమ్ చేశాను, అంతా ఇంట్లో నేనే రికార్డు చేసుకున్నాను, వచ్చే నెల నుంచి టూరు’ అంటున్నారు. పడగ్గదిలో ల్యాప్‌టాప్, ఒక మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు. గిటారు తనే, బేసు తనే, కోరస్‌లో పదిమందీ తనే. తాళం తప్పితే తెర మీద ఆ ముక్కని జరిపి సరిచేస్తాడు, స్వరం దిగితే కంప్యూటరు చేత ఎక్కిస్తాడు. ‘బాగాలేదు’ అని చెప్పే మనిషి మాత్రం ఆ గదిలో లేడు. మా దగ్గర వెనక వరసలోని పెద్దాయన తల అడ్డంగా ఊపితే చాలు, సంగీత దర్శకుడు ఆగి ‘ఏమండీ, నచ్చలేదా?’ అని అడిగేవాడు. ఎన్ని పాటలు అలా బాగుపడ్డాయో నాకు తెలుసు.

మా మనవరాలు జేకబ్ కాలియర్ అనే లండన్ కుర్రాడి పాటలు వినిపించింది. 2016లో ‘ఇన్ మై రూమ్’ అనే ఆల్బమ్ తెచ్చాడట. ఇంట్లో సంగీతం గదిలోనే కూర్చుని గొంతులూ వాద్యాలూ దాదాపు అన్నీ తనే రికార్డు చేశాడు. అందులో రెండు పాటల కూర్పుకి 2017లో రెండు గ్రామీలు వచ్చాయి. అప్పటికి 22 ఏళ్ళవాడు. టూరులోనూ చుట్టూ వాద్యాలు పేర్చుకుని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి పరిగెత్తాడు. విద్య ఉంది, కాదనను. కానీ ఆ చెవి ఎక్కడ తయారైంది? తల్లి వయొలిన్ విద్వాంసురాలు, సంగీతం పాఠాలు చెప్పే మనిషి. ఇంట్లో అందరూ కలిసి పాడేవారు. చిన్నప్పుడే ఆపెరాల్లో పాడాడు. ఆ గదిలో ఒంటరిగా కూర్చునే ముందు నలుగురి మధ్య పెరిగినవాడన్నమాట. పోనీ, ఆ తర్వాతైనా ఒంటరిగా ఉన్నాడా? 2018లో నెదర్లాండ్స్‌లోని మెట్రోపోల్ ఆర్కెస్ట్రాతో కలిసి ‘జెస్సీ’ మొదటి భాగం చేశాడు. ఇప్పుడు కచేరీల్లో శ్రోతల్ని భాగాలు చేసి, చేతులతో నడిపిస్తూ వాళ్ళచేతే పాడిస్తున్నాడు. మన కుర్రాళ్ళు మొదటి ఆల్బమ్ చూసి ఉత్సాహపడుతున్నారు గానీ, రెండోదాన్ని పట్టించుకోవడం లేదు.

టూరు సంగతీ అంతే. ఘంటసాలగారు 1971లో అమెరికా, యూరప్ తిరిగారంటే పక్క వాద్యాలతోనే కచేరీలు చేశారు. శ్రీరామనవమి పందిట్లో జనం ఊగుతుంటే గాయకుడు చరణం మళ్ళీ ఎత్తుకునేవాడు, తబలా ఆయన కంటిచూపుతోనే అందుకునేవాడు. ముందే కొలిచి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెచ్చిన ట్రాకు ఎవరికోసం ఆగుతుంది? రాజమండ్రిలో ఎంతసేపు మోగిందో వరంగల్లోనూ అంతే మోగుతుంది.

ఒక్కటి మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. మా కాలంలో రికార్డు కంపెనీ గుమ్మం దాటడం అందరివల్లా అయ్యేది కాదు. 78 ఆర్పీఎం రికార్డుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర, అది ఎవరికి దక్కాలో వాళ్ళిష్టం. రేడియో ఆడిషన్లో పోయిన మంచి గొంతులు పల్లెల్లో అలాగే ఉండిపోయాయి. ఇవాళ ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా పాట లోకానికి చేరుతుంది. ఆ స్వేచ్ఛ మాకు లేదు. వీళ్ళకి దక్కినందుకు సంతోషమే.

కానీ ఆ స్వేచ్ఛ మిగతావాళ్ళని గదిలోంచి గెంటేస్తేనే వస్తుందా? కీబోర్డులు వచ్చినప్పుడే మా వయొలిన్ల వరస పలచబడింది. చేయి తిరిగిన వాళ్ళు ట్యూషన్లకి మళ్ళారు, కొందరు వాద్యమే అటకెక్కించారు. నాకు కోపం యంత్రం మీద కాదు. పది మంది కడుపు నింపిన పాట ఇవాళ ఒక్కడి చుట్టూ తిరగడం మీద.

సొంతంగా ఆల్బమ్ చేసుకునే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. ఇంట్లో రికార్డు చేసుకోండి, మీ పేరే పెట్టుకోండి. ఒక్క పాటకైనా మీ ఊళ్ళో మృదంగం ఆయన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, సరిదిద్దుకోకుండా ఏకబిగిన పాడండి. టూరుకీ వెంట తీసుకెళ్ళండి. డబ్బు మాత్రం కచేరీ అయిన రాత్రే చేతిలో పెట్టండి. మాకు నెలల తరబడి బాకీ పెట్టినవాళ్ళు ఉండేవారు.