పెళ్లికూతురి పసుపు ఎవరు తుడిచారు?

మీకేం అర్రా, వేలు కదిపితే ఫోటోలో ఆకాశం నీలమైపోతుంది, మొహం తెల్లబడిపోతుంది. మా రోజుల్లో రంగు అంత తేలిగ్గా దొరికేది కాదు. 1982లో ఏషియాడ్ పుణ్యమా అని ఢిల్లీలో రంగుల టీవీ చూడటం మొదలుపెట్టిన కాలం అది. 36 ఫోటోల కలర్ రీలు కెమెరాలో వేస్తే, సంక్రాంతి ముగ్గుతో మొదలై, ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్లొచ్చి, దసరా బొమ్మల కొలువుకి గానీ అయ్యేది కాదు. అప్పుడు కన్నాట్‌ప్లేస్‌లో ల్యాబుకు పరుగు.

అక్కడ ప్రింటరు చీకటిగదిలో ముందు చిన్న కాగితం ముక్క మీద ప్రింటు తీసేవాడు. దాన్ని వెలుతురులోకి తెచ్చి మొహం రంగు చూసేవాడు. ఎరుపెక్కువైతే ఎన్‌లార్జర్‌లో పసుపు, మెజెంటా ఫిల్టర్లు పెంచేవాడు. అవునర్రా, పెంచితేనే ఎరుపు తగ్గేది, నెగటివ్ లెక్కంతా తిరగేసే ఉంటుంది. మళ్లీ ముక్క, మళ్లీ చూపు. రంగు ఎంతుండాలో మనిషి కన్ను తేల్చేది.

ఇప్పుడో? మొన్న నోయిడాలో మా బంధువులమ్మాయిని పెళ్లికూతుర్ని చేశారు. ఒంటికి పసుపు, పసుపు చీర, గుమ్మం నిండా బంతిపూలు. ఫోటో తీస్తే, ఇంత పసుపు ఉండకూడదని ఫోను తనకు తానే తీర్మానించుకుని నీలం కలిపేసింది. పిల్ల వారం రోజులు జ్వరంపడి లేచినట్టు తేలింది. మా మనవడు లాప్‌టాప్ తెరిచి, "తెలుపు ఎక్కడుందో చూపిస్తే చాలు తాతయ్యా, మిగతా రంగులు అవే సర్దుకుంటాయి" అంటూ పురోహితుడి పంచె మీద, తెలుపును గుర్తుపట్టే డ్రాపర్ నొక్కాడు. ఆ పంచె నీలిమందు పెట్టి ఉతికింది. దాన్నే అసలు తెలుపనుకుని యంత్రం ఫోటోనంతా పసుపులో ముంచింది. వెనకాల బూడిదరంగు సిమెంటు గచ్చు మీద నొక్కమన్నాను. అప్పుడు పిల్ల మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆ ల్యాబులో ఒక పూట పట్టే పని నిమిషంలో అయింది, కాదనను. నిమిషంలో అవుతోంది కనుకే మీకు దాని విలువ తెలియడం లేదు.

ఇక నవంబరు వచ్చిందా, ఢిల్లీ ఆకాశం మట్టిరంగుకు తిరుగుతుంది, గొంతు మండుతుంది. మీరు పొగ తీసేసే స్లైడరు కాస్త లాగి, ఇండియా గేటు వెనక ఊటీ ఆకాశం పెట్టి, ఊళ్లో అమ్మమ్మకు పంపిస్తారు. ఆవిడ మీరు మంచి గాలి పీలుస్తున్నారని సంతోషపడుతుంది. చామనచాయ పిల్లలకైతే ఫిల్టర్లు సున్నమే కొడుతున్నాయి. వాళ్ల పిల్లలు రేపు ఆల్బమ్ తిప్పితే తల్లి ఒంటిరంగు ఏదో తెలుసుకునే దారి ఉండదు.

రంగులు సర్దండి, వద్దనను. స్లైడరు జరిపే ముందు ఆ పూట వెలుతురు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. నకలు మీద పనిచేసుకుని, అసలు ఫైలును ముట్టుకోకుండా దాచండి. మేము నెగటివ్‌లను కవర్లలో పెట్టి బీరువాలో దాచింది అందుకే.