సార్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “మా దగ్గర పనిచేస్తోంది. మీ వైపు ఒకసారి చూసుకోండి.”

అవతారిక: ఈ వాక్యం నాచారంలోని ఒకానొక ఆఫీసులో, టీమ్ లీడ్ గారి వాట్సాప్ నుంచి శుక్రవారం పొద్దుపోయాక వెలువడెను. మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ వ్యాఖ్యానానికి ముందే మాటిచ్చాడు. మొదటి మాటకు మేమూ కట్టుబడతాం. రెండోది మా వల్ల కాదు.

ప్రతిపదార్థం: సుగమం.

టీక: “మా దగ్గర” అనగా లినక్స్‌లో, బాణం గుర్తు పెట్టి ఫైలును ప్రోగ్రామ్‌కు ఇచ్చిన చోట. అక్కడ స్టాండర్డ్ ఇన్‌పుట్ అంటే డిస్కు మీది ఫైలే. ముందుకు దూకమంటే దూకును, వెనక్కి రమ్మంటే వచ్చును. “మీ వైపు” అనగా క్యాట్ కొట్టి, నిలువు గీత గీసి, అదే ఫైలును పైపులో పంపిన చోట. పైపులో దూకుడు చెల్లదు. దూకమని అడిగే ఎల్‌సీక్ మైనస్ ఒకటి ఇచ్చును, ఎర్నో 29 అగును, “ఇల్లీగల్ సీక్” అని కారణమూ దొరుకును. ఇంత చెప్పినా ఆ జవాబు చూడకుండా కింది లైనుకు పోయిన కోడ్ ఎవరిదో మేము చెప్పం. గిట్ ఎరుగును.

విశేషం: దూకవలసినది భూకంప తరంగాల రికార్డులు దాచే సెగ్-వై ఫైలులో మొదటి 3600 బైట్లు. 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఉన్న ఉప్పల్ రోడ్డు వారికి ఆ తరంగాల సంగతి మనం చెప్పాలా! ఆ 3600లో 400 బైట్ల బైనరీ హెడరును వదిలేస్తే, మిగిలిన 3200 ఏమిటి? 40 పంచ్ కార్డులు, కార్డుకు 80 అక్షరాలు. 1975లో ప్రమాణం రాసినవారి కళ్ల ముందు కార్డులే ఉన్నాయి. అక్షరాలూ ఆస్కీవి కావు, ఐబీఎం వారి ఎబ్సిడిక్‌వి. అందులో ‘ఐ’ 201, దాని పక్కనుండవలసిన ‘జె’ 209! నడుమ ఏడు గడులు ఇంగ్లిష్ అక్షరమాలకు దక్కలేదు. ‘ఆర్’ దాటాక మళ్లీ ఖాళీ, ఈసారి ఎనిమిది గడులు... ఎక్కడున్నాం? ఆఁ, పైపు.

విండోస్ శాఖవారిది మరో దారి. స్టాండర్డ్ ఇన్‌పుట్ టెక్స్ట్ మోడ్‌లో తెరుచుకొనును. డేటాలో 26 అనే బైటు కనబడితే ఫైలు సమాప్తం; భూమి ఇంకా కంపిస్తున్నా సరే. బైనరీ మోడ్ పెట్టనిదే గతి లేదు. పోనీ బాణం గుర్తే వాడదామంటే, అది భవిష్యత్తు కోసం దాచామని పవర్‌షెల్ సెలవిచ్చును.

తాత్పర్యం: సార్, సీక్ కుదరకపోతే ఆ 3600 బైట్లు చదివి పారేస్తే చాలు. నాలుగు లైన్ల పని. టెస్టులో ఒక్కసారి నిలువు గీత పెట్టి చూసుంటే మాకు శనివారం మిగిలేది. ఇప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డుకు షేర్ ఆటోలు కూడా లేవు. క్యాబ్ బిల్లు పెడుతున్నాను, అప్రూవ్ చేయండి.