ఒక పంచాయతీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. గ్రామ సభయు ముగిసె కాగితముల నిండ
నిధులు వచ్చెనంట నెట్టులోన
వీధి దీపమునకె విత్తమ్ము సరిపోయె
మురుగు కాల్వ మిగిలె ముందువలెనె

అవతారిక: ఇది రచ్చబండ మీద పుట్టిన చాటువు. కవి పేరు తెలియదు. తెలిస్తే రావలసిన బిల్లు ఆగుతుందని ఆయనే దాచుకొని ఉంటాడు. కాలం మాత్రం నిర్ణయించవచ్చు. ‘నెట్టులోన’ అన్నాడు కనుక, పంచాయతీల ప్రణాళికలూ జమాఖర్చులూ ఎక్కించే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ 2020 ఏప్రిల్ 24న వచ్చిన తరువాతివాడే.

ప్రతిపదార్థం: గ్రామ సభయు = ఊరి ఓటర్లందరూ సభ్యులైన సభ కూడా; ముగిసె = మొదలైన కాసేపటికే పూర్తయింది; కాగితముల నిండ = మినిట్స్ పుస్తకం సంతకాలతో, వేలిముద్రలతో నిండేటట్లు; నిధులు = ఆర్థిక సంఘం గ్రాంట్లు; నెట్టులోన = తెర మీద; వచ్చెనంట = వచ్చాయని వినికిడి; వీధి దీపమునకె = వీధి లైట్ల కరెంటు బకాయికే; విత్తమ్ము = ఆ సొమ్ము; సరిపోయె = చెల్లుకు చెల్లయింది; మురుగు కాల్వ = ఏటేటా ప్రణాళికలో మొదటి వరసలో ఉండే పని; ముందువలెనె = దోమలతో సహా; మిగిలె = ఉండిపోయింది.

పాఠభేదం: మొదటి పాదంలో ‘జనముతోడను నిండ’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. అక్కడ యతి చెల్లదు. కోరమూ చెల్లదు. కనుక త్యాజ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిగాయి గనుక ఈ పాఠాన్ని ఆ ఒక్కరోజుకు అంగీకరించవచ్చునని కొందరి మతం.

విశేషాలు: ‘సభయు’లో సముచ్చయం గమనించదగినది. పని ఎలాగూ కాలేదు, సభ అయినా అయిందని ధ్వని. పని కాకపోవడానికి మూలం రాజ్యాంగంలో ఉంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ, పదకొండో షెడ్యూలులో 29 విషయాలు రాసిపెట్టింది. అయితే వాటిపై పంచాయతీలకు అధికారం ‘ఇవ్వవచ్చును’ అని మాత్రమే రాష్ట్రాలకు చెప్పింది. ఆ ‘వచ్చును’లోనే ముప్పై ఏళ్లు గడిచాయి.

‘నిధులు’: 15వ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడినది. మిగిలిన 40 శాతం ఊరు తన అవసరం చూసి ఖర్చు పెట్టుకోవచ్చునంది, జీతాలకు మాత్రం వాడరాదంది. అంటే సభ కూర్చునేసరికే సొమ్ములో సగానికి మించి దారి నిర్ణయమై ఉండేది.

‘అంట’ అవ్యయం. వ్యయం కానిది అవ్యయమని ఇక్కడ కవి చమత్కారం. కేంద్రం ఇచ్చిన సొమ్మును రాష్ట్రం పది పనిదినాల్లో పంచాయతీకి చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలి. నియమం ఇంత స్పష్టంగా ఉన్నా కవి ‘వచ్చె’ దగ్గర ఆగలేదు.

‘వీధి దీపమునకె’: ఆర్థిక సంఘం నిధులను తమకు చెప్పకుండా విద్యుత్ బకాయిల కింద డిస్కంలకు జమకట్టారని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు ధర్నాలు చేసిన సంగతి లోకవిదితం. తెలంగాణ ప్రతుల్లో రెండో పాదమే లుప్తం. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా అక్కడ ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని ఊరికి ఆ గ్రాంటు రాదు.

పూర్వపక్షం: ఊరు వాడుకున్న కరెంటుకు ఊరు డబ్బు కట్టడం న్యాయమే గదా? సిద్ధాంతం: న్యాయమే. దీపం వెలిగింది, బకాయి తీరాలి. కాని ఏది ముందు తీర్చాలో ఊరు సభలో తేల్చుకోవాలి. పాస్‌బుక్ చూసి తెలుసుకునేది ప్రణాళిక కాదు. ఇంటిపన్ను సరిగా వసూలు చేయని ఊరికి ఈ మాట గట్టిగా అనే హక్కు కొంత తగ్గుతుందని కూడా వ్యాఖ్యాత విన్నవిస్తున్నాడు.

ఛందస్సు: ఆటవెలది. గణాలూ యతులూ, చేసిన పనులు రాసే ఎం-బుక్‌లో కొలతల్లా సరిగ్గా సరిపోయాయి. అంతమాత్రాన కాల్వ ఉన్నట్టు కాదు.

అలంకారం: అతిశయోక్తి అని కొందరు. వారు గ్రామసభకు ఎన్నడూ వెళ్లనివారు. ఇది స్వభావోక్తి.

తాత్పర్యం: పనులు ఊరు కోరుతుంది, సొమ్ము పైనుంచి వస్తుంది, దాని దారి వేరొకరు నిర్ణయిస్తారు. ఈ మూడూ ఒకచోట కలవనంతకాలం ప్రణాళిక ప్రబంధమే. అందులో మురుగు కాల్వ వర్ణన ఏటా వస్తూనే ఉంటుంది. కనుక సహృదయులైన పాఠకులు ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు కొత్త పని అడిగే ముందు నిరుటి జమాఖర్చు చదివి వినిపించమని అడగాలి. చదవలేదంటే ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఊరి పేరు కొట్టి చూడాలి. ఆ లెక్క చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.